పాత సిస్టమ్‌లో పెళ్లి డీవీడీలు కన్వర్ట్ చేస్తే గీతలు, గళ్లు వస్తున్నాయి. కొత్త కంప్యూటర్ కొనాల్సిందేనా?

గోదారిగట్టు
మా అక్క పెళ్లి 2006లో రాజమండ్రిలో జరిగింది. స్టూడియో వాళ్లు మూడు డీవీడీలు ఇచ్చారు. పెళ్లికూతుర్ని చేయడం నుంచి అప్పగింతల దాకా రెండు, రిసెప్షన్ ఒకటి. ఇప్పుడు అక్క వాళ్లు మస్కట్‌లో ఉంటారు. ఇంట్లో డీవీడీ ప్లేయర్ లేదు. పిల్లలు అమ్మ పెళ్లి చూపించమని ఒకటే గొడవ. ఫైల్‌గా మార్చి పంపుదామని మొదలుపెట్టా.

నా దగ్గరున్నది కోర్ 2 డ్యూయో డెస్క్‌టాప్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7 32 బిట్. నెట్‌లో దొరికిన ఒక ఉచిత కన్వర్టర్‌తో ఒక్కో డిస్క్‌ని 700 ఎంబీ ఏవీఐగా చేశా. తలంబ్రాలు పోసుకునే చోట చేతుల చుట్టూ దువ్వెన పళ్లలా అడ్డగీతలు. సీరియల్ లైట్ల దగ్గర, పట్టుచీరల జరీ దగ్గర అంతా గళ్లు గళ్లు. పైగా అందరి ముఖాలూ అడ్డంగా సాగిపోయాయి. అవే డీవీడీలు వీఎల్‌సీలో నేరుగా పెడితే శుభ్రంగా కనిపిస్తున్నాయి!

కంప్యూటర్ షాపులో అడిగితే "ఈ సిస్టమ్‌తో క్వాలిటీ రాదు సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు. నిజమేనా? ఈ ఒక్క పని కోసం అంత ఖర్చు పెట్టాలంటే మనసు ఒప్పడం లేదు.

పల్నాటి_పెన్‌డ్రైవ్
షాపువాడిని అడిగితే కొత్తది కొనమనక ఏమంటాడు అన్నా!

బిట్‌రేట్_బాబు
నిజం కాదు. ఎక్స్264 లాంటి సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ లెక్కలు చేసి బొమ్మను కుదిస్తుంది. అవే సెట్టింగ్‌లు పెడితే నీ కోర్ 2 డ్యూయో మీదా, నిన్న కొన్న సిస్టమ్ మీదా బొమ్మ ఒకేలా వస్తుంది. తేడా పట్టే టైమ్‌లోనే. అక్కడ పావుగంటలో అయ్యేది నీ దగ్గర రెండు మూడు గంటలు పడుతుంది, అంతే. రాత్రి పెట్టి పడుకో.

నీ సమస్య 700 ఎంబీ దగ్గర ఉంది. సినిమాని ఒక సీడీలో పట్టించడానికి పుట్టిన లెక్క అది. ఇప్పుడు సీడీ ఎవరు రాస్తున్నారు? మూడు గంటల వీడియోని 700 ఎంబీలో కుక్కితే సెకనుకు 550 కిలోబిట్లు కూడా మిగలవు, అందులోనే ఆడియో కూడా. గళ్లు రాక ఏం వస్తాయి.

ఓరుగల్లు_అన్న
బాబు చెప్పింది పుస్తకంలో నిజమే. కానీ 2 జీబీ ర్యామ్, అదీ 32 బిట్ విండోస్. వీడియోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్ కొత్త వెర్షన్ దాని మీద ఎక్కనే ఎక్కదు. విండోస్ 10, అదీ 64 బిట్ అడుగుతుంది. సగం రోజు ఫ్యాన్ గోల వింటూ కూర్చునే బదులు, తెలిసినవాళ్ల కొత్త ల్యాప్‌టాప్ ఒక పూట అడిగి తెచ్చుకుంటే పోలా? ఎలాగూ చేస్తున్నావు కాబట్టి ఇంకా గట్టిగా కుదించే కొత్త పద్ధతి హెచ్265లో చెయ్యి, సైజు సగం అవుతుంది. బొమ్మని 1080 గీతల సైజుకి పెంచి పెట్టు, టీవీలో బాగుంటుంది.

మిక్సింగ్‌మామ
నరసరావుపేటలో పదేళ్లకు పైగా పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసినవాణ్ని. ముందు ఆ డిస్క్‌లో ఏముందో తెలుసుకుంటే మిగతా గొడవ సగం తీరుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

2006 అంటే ఎక్కువ చోట్ల సోనీ పీడీ170 లాంటి కెమెరాలతో డీవీ టేపు మీద తీసేవాళ్లం. మన దగ్గర పాల్ అనే టీవీ పద్ధతి. 720 అడ్డం, 576 నిలువు, సెకనుకు 25 ఫ్రేములు. కానీ ఒక్కో ఫ్రేము నిజానికి రెండు సగాలు. బేసి గీతలు ఒక క్షణంలో తీసినవి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత తీసినవి. దీన్నే ఇంటర్‌లేస్ అంటాం. ఆ యాభయ్యో వంతులో పెళ్లికొడుకు చెయ్యి కదిలిపోతుంది. రెండు సగాలనీ ఒకే బొమ్మగా అతికిస్తే చేతి అంచున పళ్లు కనిపిస్తాయి. తలంబ్రాల దగ్గరే ఎక్కువ ఎందుకంటే పెళ్లి మొత్తంలో అంత వేగంగా కదిలేది ఇంకేదీ లేదు. బియ్యం గింజలు, చేతులు, మీద పడే పూలు అన్నీ ఒకేసారి కదులుతాయి.

పాత డబ్బా టీవీ ఆ సగాలను ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టి గీతలు కనపడేవి కావు. వీఎల్‌సీ ఏమో ప్లే చేసేటప్పుడే డీఇంటర్‌లేస్ చేసేస్తుంది, అంటే ఆ సగాలను సరిచేసి గీతలు పోగొడుతుంది. అందుకే గోదారిగట్టు గారికి నేరుగా చూస్తే శుభ్రంగా ఉంది. ఆ కన్వర్టర్ మాత్రం డీఇంటర్‌లేస్ చేయకుండా కుదించేసింది. అలా కుదించాక ఆ గీతలు బొమ్మలో కలిసిపోతాయి, తర్వాత సరిగ్గా తీయడం కుదరదు. డిస్క్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇంకో మాట. ఆ టేపులు ఉన్నాయేమో స్టూడియోలో అడిగారా? డీవీ టేపు మీద వీడియో సెకనుకు 25 మెగాబిట్లు. గంటకు 13 జీబీ దాకా ఉంటుంది. అదే మేం 4.7 జీబీ డిస్క్‌లో మూడు గంటలు పట్టించామంటే సెకనుకు మూడున్నర మెగాబిట్లు కూడా రావు, ఆడియోతో కలిపి. రెండూ కుదించే పద్ధతులు వేరు కాబట్టి అంకెకు అంకె పోల్చకూడదు గానీ, టేపు ముందు డిస్క్ ఆనదు.

గోదారిగట్టు
మిక్సింగ్‌మామ గారూ, గీతల సంగతి మొదటిసారి అర్థమైంది. టేపులు అడిగాను. ఆ స్టూడియో ఎప్పుడో ఎత్తేశారు. డిస్కులే దిక్కు.

ఫ్రీమాంట్_వదిన
టేపులు ఎవరూ దాచరు. మా పెళ్లప్పుడు స్టూడియో వాళ్లు టేపు కావాలంటే విడిగా డబ్బులివ్వాలన్నారు. మా నాన్న వద్దన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

మిక్సింగ్‌మామ
అవునమ్మా. టేపు ఖరీదు ఎక్కువ, తర్వాతి పెళ్లికి అదే టేపు మీద మళ్లీ తీసేవాళ్లు చాలామంది. ఆ రోజుల్లో అందరూ డీవీడీ శాశ్వతం అనుకున్నారు.

బిట్‌రేట్_బాబు
ఓరుగల్లు అన్నతో మూడు చోట్ల విభేదిస్తా.

హెచ్265: పాత సిస్టమ్‌కి అది శిక్ష. ఎక్స్264 వాడే హెచ్264 పద్ధతితో పోలిస్తే ఎన్నో రెట్లు టైమ్ తీసుకుంటుంది. 576 గీతల వీడియోకి సైజు కలిసొచ్చేది కొద్దిగానే. పైగా పాత టీవీల యూఎస్‌బీలో ఆడదు.

1080కి పెంచడం: లేని వివరం ఎక్కణ్నుంచి వస్తుంది? 576 ఇస్తే టీవీయే తన తెరకు తగ్గట్టు పెంచుకుంటుంది. ముందే పెంచితే ప్రతి ఫ్రేములో నాలుగైదు రెట్లు పిక్సెళ్లు ఎన్‌కోడ్ చేయాలి. పాపం ఆ ప్రాసెసర్.

32 బిట్: కోర్ 2 డ్యూయో 64 బిట్ ప్రాసెసరే. విండోస్ 32 బిట్ వేశారు, అంతే. 64 బిట్ విండోస్ 7 వేసుకుని హ్యాండ్‌బ్రేక్ పాత వెర్షన్ దించుకోవచ్చు. లేదా తేలికపాటి లినక్స్, లుబుంటు లాంటిది, పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించుకోవచ్చు. 2 జీబీ ర్యామ్ డీవీడీ సైజు వీడియోకి చాలు. బ్రౌజర్ మాత్రం మూసెయ్యి.

ఓరుగల్లు_అన్న
హెచ్265 మాట వెనక్కి తీసుకోను గానీ ఈ సిస్టమ్‌కి వద్దులే. 1080 మీద మాత్రం ఒప్పుకోను. యూట్యూబ్‌లో పెట్టి చూడు, 576 వీడియోని ఎంత దారుణంగా నలిపేస్తుందో. అదే పెంచి ఎక్కిస్తే ఎక్కువ బిట్‌రేట్ (సెకనుకు వాడే బిట్లు) ఇస్తుంది.

బిట్‌రేట్_బాబు
యూట్యూబ్‌కయితే ఒప్పుకుంటా. ఇంకో కారణం కూడా ఉంది. సెకనుకు 50 ఫ్రేముల వీడియోని అది 720, ఆపైన మాత్రమే 50గా చూపిస్తుంది. దాని కింద సగం ఫ్రేములు పోతాయి. కానీ ఈయన పంపేది పెన్‌డ్రైవ్‌లో కదా.

పల్నాటి_పెన్‌డ్రైవ్
నా పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తా. పెన్‌డ్రైవ్‌లు చాలా ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో వస్తాయి. దాంట్లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటితే ఎక్కదు. "డిస్క్‌లో చోటు ఉంది, అయినా చోటు లేదంటుంది" అని మా బాబాయ్ పెన్‌డ్రైవ్‌ని తిట్టని రోజు లేదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి. టీవీ మరీ పాతదైతే ఎక్స్‌ఫ్యాట్ చదవదు, అప్పుడు ఫైల్‌నే 4 జీబీ లోపు ఉంచాలి.

సీమ_పిల్లోడు
వాట్సాప్‌లో మాత్రం పంపొద్దు అన్నా. వీడియోగా పంపితే పిప్పి చేసి పెడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది, 2 జీబీ దాకా.

గోదారిగట్టు
సరే, 64 బిట్ విండోస్ 7 వేశా, హ్యాండ్‌బ్రేక్ పాత వెర్షన్ ఎక్కింది. ఇప్పుడు దాంట్లో ఏం పెట్టాలి? ఆర్‌ఎఫ్ అంటోంది, ప్రీసెట్ అంటోంది, డీకోంబ్ అంటోంది. చూస్తేనే టెన్షన్.

బిట్‌రేట్_బాబు
టెన్షన్ అక్కర్లేదు, మార్చాల్సినవి కొన్నే.

ముందుగా డిస్క్ నుంచి నేరుగా కన్వర్ట్ చేయకు. డీవీడీలో వీడియో అంతా ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకో. పెళ్లి డిస్కులకు లాక్ ఉండదు కాబట్టి మామూలు కాపీయే చాలు. గంటల కొద్దీ పాత డ్రైవ్ తిరగాల్సిన పని తప్పుతుంది, మళ్లీ మళ్లీ ప్రయత్నించినా డిస్క్‌ని ముట్టుకోనక్కర్లేదు.

సైజు టార్గెట్ అన్న మాటే మర్చిపో. ఆర్‌ఎఫ్ అంటే ఇంత క్వాలిటీ కావాలి, సైజు ఎంతైనా కానీ అని చెప్పడం. అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది. డీవీడీకి 18 నుంచి 22 మధ్య అంటారు. సుమారుగా 6 అంకెలు తగ్గిస్తే సైజు రెట్టింపు అవుతుంది.

ప్రీసెట్ అంటే ఆ సైజుని ఎంత తెలివిగా తగ్గించాలి అని. స్లో పెడితే ఎక్కువ ఆలోచించి చిన్న ఫైల్ ఇస్తుంది. పాత సిస్టమ్ మీద నేనైతే వెరీఫాస్ట్ పెట్టి, ఆర్‌ఎఫ్ 18కి దించుతా. ఫైల్ పెద్దదవుతుంది, అవనీ. హార్డ్‌డిస్క్ చవక, టైమ్ కాదు.

తెనాలి_టెకీ
బాబు, ఇక్కడ నేను ఒప్పుకోను. వెరీఫాస్ట్‌లో పొగ, హోమం, చీకటి మండపం లాంటి చోట్ల తేడా కనిపిస్తుంది. మాది పాత పెంటియం డ్యూయల్ కోర్. మీడియం ప్రీసెట్, ఆర్‌ఎఫ్ 19 పెట్టి రాత్రి వదిలేస్తా, తెల్లారేసరికి అయిపోతుంది. రాత్రి ఎలాగూ మనం వాడం. సిస్టమ్‌ని తొందరపెట్టడం ఎందుకు?

బిట్‌రేట్_బాబు
ఆర్‌ఎఫ్ 18లో నాకు ఆ తేడా కనపడలేదు టెకీ. నువ్వు చూసింది 22 దగ్గర అయ్యుంటుంది.

తెనాలి_టెకీ
20 దగ్గర చూశా. హోమం పొగలో మెట్లు మెట్లుగా వస్తుంది. గోదారిగట్టు తన డిస్క్ మీద రెండూ చేసి చూసుకోవాలి. మొత్తం చేయక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్‌లో చాప్టర్ల బదులు సెకన్లు ఎంచుకునే వీలుంది. తలంబ్రాల దగ్గర ఒక నిమిషం, హోమం దగ్గర ఒక నిమిషం కోసుకుని టెస్ట్ చెయ్యి. పాత సిస్టమ్ ఉన్నవాడికి ఇంతకు మించిన ఉపాయం లేదు.

మిక్సింగ్‌మామ
గీతల విషయం చెప్పకుండా ఇద్దరూ ప్రీసెట్ మీద పడ్డారు. గోదారిగట్టు గారి మొదటి బాధ అదే కదా.

హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్‌లేస్ కింద యాడిఫ్, డీకోంబ్ అని రెండు ఉంటాయి. డీకోంబ్ గీతలున్న ఫ్రేములనే పట్టుకుని సరిచేస్తుంది, మిగతావి ముట్టుకోదు. సినిమా డీవీడీలకు అది మంచిది, ఎందుకంటే సినిమా ఫిల్మ్ మీద తీసింది, ఒక్కో ఫ్రేమూ పూర్తి బొమ్మే. పెళ్లి వీడియోలో మొదటి నుంచి చివరి దాకా ప్రతి ఫ్రేమూ రెండు సగాలే. అక్కడ యాడిఫ్‌తో అన్నిటినీ చేయించడమే మేలు.

ఇక బాబ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మామూలు డీఇంటర్‌లేస్ రెండు సగాల్లోంచి ఒక ఫ్రేము చేస్తుంది, సెకనుకు 25 వస్తాయి. బాబ్ ఒక్కో సగాన్నీ ఒక పూర్తి ఫ్రేముగా పెంచుతుంది, 50 వస్తాయి. అప్పుడు కదలిక టేపులో ఉన్నంత నునుపుగా ఉంటుంది. అప్పగింతలప్పుడు కెమెరా నెమ్మదిగా ఒకరి ముఖం మీంచి ఇంకొకరి ముఖం మీదికి జరుగుతుంది చూడండి, అక్కడ 25లో కొద్దిగా అదురుతుంది, 50లో నీళ్లు పారినట్టు వెళ్తుంది. నేను పిల్లలకు ఎప్పుడూ 50లోనే చేసిస్తా. ఫ్రేమ్ రేట్ దగ్గర మాత్రం 25 అని బిగించకండి, మళ్లీ సగం పారేస్తుంది. 50 పెట్టండి.

ఓరుగల్లు_అన్న
మామా, బాబ్ పెడితే ఫ్రేములు రెట్టింపు, టైమ్ కూడా దాదాపు రెట్టింపు. ఇందాక 1080కి పెంచితే ప్రాసెసర్ పాపం అన్నారు, ఇప్పుడు పాపం కాదా?

మిక్సింగ్‌మామ
న్యాయమైన ప్రశ్న. 1080కి పెంచితే డిస్క్‌లో లేనిదాన్ని పుట్టిస్తున్నాం. బాబ్‌లో డిస్క్‌లో ఉన్నదాన్నే పారేయకుండా ఉంచుతున్నాం. టైమ్ పెడితే దీనికి పెట్టాలి.

ఓరుగల్లు_అన్న
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

తెనాలి_టెకీ
మరీ పాత టీవీలు కొన్ని 576ని 50 ఫ్రేముల్లో ఇస్తే తడబడతాయి. అక్క వాళ్ల టీవీ మోడల్ కనుక్కుంటే మంచిది.

సీమ_పిల్లోడు
ల్యాప్‌టాప్‌లో చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. కడప ఎండల్లో మా పాత ల్యాప్‌టాప్ ఎన్‌కోడింగ్ మధ్యలో టక్కున ఆగిపోయేది. ఎన్‌కోడింగ్ అంటే గంటల తరబడి ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిచేస్తుంది, మామూలు పనుల్లో అంత ఉండదు. వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, తర్వాత ఆఫ్ అవుతుంది. ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ కొత్తది పెట్టించినాక బాగైంది. విండోస్ పవర్ ఆప్షన్లలో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది, దాన్ని 80 శాతానికి దించినా చాలు. నెమ్మదిగా అవుతుంది గానీ పూర్తవుతుంది.

కర్నూలు_కాఫీ
మాకు వేడి కాదు, కరెంట్ కోత. మూడు గంటలు నడిచిన ఎన్‌కోడ్ కరెంట్ పోయి సగంలో ఆగితే ఆ ఎంపీ4 ఫైల్ తెరుచుకోదు. ఫైల్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక పని పూర్తయ్యాకే రాస్తుంది కాబట్టి. ఎంకేవీ అనే ఇంకో రకం ఫైల్ పెడితే ఆగిన చోటిదాకా అయినా ఆడుతుంది, మిగిలిన భాగం విడిగా చేసుకోవచ్చు. కోతలున్న ఊళ్లవాళ్లు ఎంకేవీలో చేసి, అవసరమైతే చివర్లో ఎంపీ4లోకి మార్చుకోండి. ఆ మార్పులో మళ్లీ ఎన్‌కోడింగ్ ఉండదు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత టూల్ చాలా తొందరగా చేసేస్తుంది.

పల్నాటి_పెన్‌డ్రైవ్
కర్నూలు కాఫీకి ఈ థ్రెడ్‌లో ఒక ఫిల్టర్ కాఫీ బాకీ.

ఫ్రీమాంట్_వదిన
గోదారిగట్టు, ముఖాలు సాగిపోయాయన్నావు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. 720, 576ని చూస్తే 5:4 లెక్క వస్తుంది. కానీ డీవీడీలో పిక్సెళ్లు చదరంగా ఉండవు. 4:3 వీడియో అయితే 768 అడ్డం, 576 నిలువుగా చూపించాలి. వైడ్ అయితే 1024 అడ్డం. డిస్క్ లోపల ఏదో ఒక గుర్తు ఉంటుంది, ప్లేయర్ దాన్ని చూసి సాగదీస్తుంది. 2006 పెళ్లి అంటే నూటికి తొంభై పాళ్లు 4:3. నీ కన్వర్టర్ 16:9గా చేసి పారేసింది. హ్యాండ్‌బ్రేక్‌లో ఆ గుర్తుని నిలిపే అనామార్ఫిక్ సెట్టింగ్‌ని ఆటోమేటిక్‌లో ఉంచితే సరిపోతుంది. కొన్ని టీవీలు యూఎస్‌బీ నుంచి ఆడేటప్పుడు ఆ గుర్తుని పట్టించుకోవు, ముఖాలు నొక్కుకుపోయి కనిపిస్తాయి. అలాగైతే అనామార్ఫిక్ తీసేసి 768, 576 అని పెట్టు.

అంచుల్లో నల్ల పట్టీలు కోసేసే ఆటో క్రాప్ కూడా ఒకసారి కంటితో చూసుకో. ముహూర్తం తెల్లవారుజామున చీకట్లో ఉంటే పైనా కిందా నల్లగా ఉందనుకుని గోపురాలూ పందిరీ కోసేస్తుంది.

మా దగ్గర ఇంకో చిక్కు. అమెరికాలో కొన్న మన సినిమా డిస్కులు కొన్ని పాల్ నుంచి ఇక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి మార్చి వేసినవి. రెండు ఫ్రేములు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నీడలా వస్తాయి. ఏ డీఇంటర్‌లేస్ పెట్టినా పోదు.

మిక్సింగ్‌మామ
అది పోదమ్మా. డిస్క్ చేసేటప్పుడే కలిసిపోయింది.

బెజవాడ_బల్బు
నా కష్టం వేరు. డిస్క్ కాపీయే కావట్లేదు. 60 శాతం దగ్గర ఆగిపోయి డ్రైవ్ గర్రుమంటోంది. డిస్క్ మీద పెద్ద గీతలేం లేవు. ఒక పాత ఫోరమ్‌లో టూత్‌పేస్ట్ రుద్దమన్నారు.

మిక్సింగ్‌మామ
టూత్‌పేస్ట్ జోలికి పోకండి! గీతలు లేవంటే మేం రాసిన డిస్క్‌లో రంగుపొర పాడైపోతూ ఉండొచ్చు. కంపెనీ సినిమా డిస్క్‌లో డేటా అచ్చు గుద్ది ఉంటుంది, పెళ్లి డిస్క్ అయితే లేజర్‌తో రంగుపొర మీద రాసింది. ఎండకీ, వేడికీ, తేమకీ అది చెడుతుంది. ఆ రోజుల్లో చవక డిస్కులు టోకుగా కొని రాసినవాళ్లే ఎక్కువ.

మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా కాదు. తర్వాత ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవని డిస్క్‌ని ఇంకోటి చదవడం మామూలే. పాత డ్రైవ్‌లో ఒక్కోసారి బాగా వస్తుంది, పారేయకండి.

తెనాలి_టెకీ
లినక్స్‌లో పాడైన డిస్కుల నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే టూల్ వాడు బల్బు. మంచి భాగాలు ముందు చదివేసుకుని, చెడ్డవాటి మీదికి తర్వాత మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. అదే ఫైల్‌తో వేరే డ్రైవ్‌లో పెట్టి కొనసాగించొచ్చు, ఒక డ్రైవ్ వదిలేసింది ఇంకోటి పూరిస్తుంది. చివరికి కాస్త పోయినా అక్కడ ఒక క్షణం బొమ్మ చెదురుతుంది, అంతే. పెళ్లి మొత్తం పోదు.

విండోస్ ఎక్స్‌పీ, 7 మీద పాత ఐడీఈ డ్రైవ్ (వెడల్పు పట్టీ కేబుల్‌ది) ఉంటే ఇంకోటి చూసుకో. రీడ్ ఎర్రర్లు ఎక్కువైతే విండోస్ ఆ డ్రైవ్‌ని వేగంగా చదివే డీఎంఏ నుంచి బాగా నెమ్మదైన పీఐఓ మోడ్‌కి దించేస్తుంది. అప్పటినుంచి మంచి డిస్క్ కూడా నత్తనడకే. డివైస్ మేనేజర్‌లో ఆ ఛానెల్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలవుతుంది.

బెజవాడ_బల్బు
పీఐఓ అనే చూపిస్తోంది! తీసేసి చూస్తా. మా నానమ్మ కదులుతూ మాట్లాడుతూ కనిపించేది ఈ ఒక్క డిస్క్‌లోనే. ఎలాగైనా రావాలి.

కర్నూలు_కాఫీ
వస్తుంది బల్బు, ఓపిగ్గా చెయ్యి. డీడీరెస్క్యూని రాత్రంతా వదిలెయ్యి, కంగారుపడి మధ్యలో ఆపకు.

అనంత_చిన్నది
అసలు కన్వర్ట్ చేయడం ఎందుకు అని నా ప్రశ్న. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో డిస్క్‌లో ఉన్న ఎంపెగ్-2 (డీవీడీల పద్ధతి) వీడియోని ముట్టుకోకుండా ఒక ఎంకేవీ ఫైల్‌లో పెట్టేయొచ్చు. డీవీడీలకు అది ఉచితమే. ఎన్‌కోడింగ్ లేదు కాబట్టి డిస్క్ చదివేంత సేపు చాలు, ఎంత పాత సిస్టమైనా సరే. క్వాలిటీ ఒక్క పిసరు కూడా తగ్గదు. ఒక టెరాబైట్ డిస్క్‌లో 200కి పైగా డీవీడీలు పడతాయి. ఇంట్లో ఉన్నవి అన్నీ కలిపినా అన్ని ఉండవు.

బిట్‌రేట్_బాబు
దాచుకోవడానికి అదే సరైన దారి. పంపడానికి, టీవీలో పెట్టడానికి మాత్రం హెచ్264 చేయాలి. ఎంపెగ్-2 ఎంకేవీలు కొన్ని టీవీల్లోనూ ఫోన్లలోనూ ఆడవు. ఆడినా గీతలతో చూపిస్తాయి.

మిక్సింగ్‌మామ
చిన్నది చెప్పినదానికి నా ఓటు. ఎన్‌కోడ్ అయిపోయింది కదా అని అసలు కాపీ తీసేయొద్దు. రేపు ఇంతకన్నా మంచి డీఇంటర్‌లేస్ వస్తుంది. ఇప్పటికే క్యూటీజీఎంసీ అని ఒకటి ఉంది, బ్రహ్మాండంగా చేస్తుంది గానీ కోర్ 2 డ్యూయో మీద తెమలదు. అసలు కాపీ ఉంటే ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు.

సీమ_పిల్లోడు
మా ఇంట్లో 1990ల పెళ్లి వీహెచ్‌ఎస్ టేపు నుంచి డీవీడీకి ఎక్కించింది ఉంది. బొమ్మంతా ఇసుక జల్లినట్టు ఉంటుంది. ఏం చేయాలి?

మిక్సింగ్‌మామ
అప్పట్లో పానాసోనిక్ భుజం మీద కెమెరాలు. ఆ ఇసుక (నాయిస్) టేపుదే. హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్‌క్యూడీఎన్3డీ అనే డీనాయిస్ లైట్‌లో పెట్టు. పాత సిస్టమ్ మీద పెద్ద బరువు కాదు. ఎన్‌ఎల్‌మీన్స్ ఇంకా బాగుంటుంది గానీ చాలా నెమ్మది. స్ట్రాంగ్ పెట్టావంటే అందరి ముఖాలూ మైనం బొమ్మలైపోతాయి. బొమ్మ అడుగున రెండు మూడు గీతలు వణుకుతూ ఉంటాయి, అది టేపు హెడ్ మారే చోటు, క్రాప్ చేసెయ్యి. నాయిస్ తగ్గితే ఫైల్ సైజు కూడా బాగా తగ్గుతుంది. ఎన్‌కోడర్ ఆ ఇసుకను కూడా వివరమే అనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది మరి.

గోదారిగట్టు
తలంబ్రాల దగ్గర, హోమం దగ్గర ఒక్కో నిమిషం టెస్ట్ చేశా. బాబ్‌తో 50 ఫ్రేములు, ఆర్‌ఎఫ్ 18. వెరీఫాస్ట్ ఒకటి, మీడియం ఒకటి. గీతలు ఒక్కటి లేవు! బియ్యం గింజలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ముఖాలు మామూలుగా ఉన్నాయి. వెరీఫాస్ట్‌కీ మీడియంకీ తేడా నా మానిటర్‌లో హోమం పొగలో కొంచెమే కనిపించింది. టెకీ మాట ప్రకారం మీడియంలో రాత్రికి పెడుతున్నా. అక్క వాళ్లది మరీ పాత టీవీ కాదట, 50 ఫ్రేములు పర్వాలేదనుకుంటా.

తెనాలి_టెకీ
పొగలో కనిపించిందా లేదా బాబూ?

బిట్‌రేట్_బాబు
కనిపించింది, సరే. కొంచెమే అన్నాడు అది కూడా చదువు.

ఫ్రీమాంట్_వదిన
సంతోషం గోదారిగట్టు. యూట్యూబ్‌లో కూడా పెట్టాలనుకుంటే ఒకటి గుర్తుంచుకో. పెళ్లి వీడియో నిండా స్టూడియో వాళ్లు కలిపిన సినిమా పాటలుంటాయి. ప్రైవేట్‌గా పెట్టినా పాటల హక్కుల వాళ్ల క్లెయిమ్ వస్తుంది, కొన్నిసార్లు వీడియో బ్లాక్ అవుతుంది. మా వాళ్లది అలాగే ఆగిపోయింది. గూగుల్ డ్రైవ్‌లో ఫైల్‌గా పెట్టి లింక్ ఇవ్వడం మేలు.

గోదారిగట్టు
మొదటి డిస్క్ అయిపోయింది, బ్రహ్మాండంగా వచ్చింది. రెండో డిస్క్‌లో కొత్త చిక్కు. ఇందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు 1 జీబీ చొప్పున నాలుగున్నాయి. ఎవరో చెప్పిన చిన్న టూల్‌తో నాలుగూ అతికించి హ్యాండ్‌బ్రేక్‌లో పెట్టా. మొదట బాగానే ఉంది, పోనుపోను పంతులుగారి మంత్రం ముందు, పెదవులు తర్వాత అయిపోతోంది.

అనంత_చిన్నది
వీఓబీలు అతికించకు. డీవీడీలో ఏ ఫైల్ కూడా 1 జీబీ దాటకూడదు కాబట్టి అలా ముక్కలు చేస్తారు. ఏ ముక్క ఏ వరుసలో, టైమ్ ఎక్కడ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందో ఐఎఫ్‌ఓ ఫైళ్లలో రాసి ఉంటుంది. ఒట్టి వీఓబీలు కలిపితే ఆ సమాచారం పోతుంది, ఆడియో జారుతుంది. వీడియో_టీఎస్ ఫోల్డర్‌నే హ్యాండ్‌బ్రేక్‌లో తెరువు. అది టైటిళ్లు చూపిస్తుంది, అన్నిటికన్నా పొడవుగా ఉన్నది ఎంచుకో. అప్పటికీ జారితే మేక్‌ఎంకేవీతో ఎంకేవీ చేసి దాన్ని ఇవ్వు.

గోదారిగట్టు
ఫోల్డర్ తెరిస్తే రెండు టైటిళ్లు కనిపిస్తున్నాయి. ఒకటి గంటా యాభై నిమిషాలు, ఇంకోటి ఏడు నిమిషాలు.

మిక్సింగ్‌మామ
ఏడు నిమిషాలది హైలైట్స్ అయ్యుంటుంది. మేం డిస్క్ చివర పాట మీద కట్ చేసి పెట్టేవాళ్లం. అదీ చేసి పంపండి, ఫోన్‌లో పిల్లలు ముందు చూసేది అదే. ఆడియో జారిందో లేదో మాత్రం టైటిల్ చివరి అయిదు నిమిషాల్లో చూడండి, మొదట్లో తెలియదు.

గోదారిగట్టు
చివరి అయిదు నిమిషాలు చూశా, పెదవులూ మాటా కలిశాయి. మూడో డిస్క్ ఈ రాత్రికి.

బెజవాడ_బల్బు
పీఐఓ పోయింది, డీడీరెస్క్యూ 97 శాతం దాకా చదివింది. మిగతాది పక్కింటివాళ్ల డ్రైవ్‌లో పెట్టి చూస్తున్నా.